కోటలు చూద్దాం – లెక్కలూ అడుగుదాం

హైస్కూలు సాంఘికశాస్త్రంలో ‘సాంస్కృతిక పునరుజ్జీవనం’ అని ఒక పాఠం ఉంటుంది. ఇటలీలోని ఫ్లోరెన్స్ నగరం, అక్కడి మెడిచీ ప్రభువులు, లియొనార్డో డావిన్సీ, మైకలాంజెలో, ఫ్రాన్సు రాజుల భవంతులు అన్నీ అందులో వస్తాయి. పరీక్షకు తప్పకుండా వచ్చే ప్రశ్న కాబట్టి అందరం శ్రద్ధగానే చదువుతాం. అయితే అదే కాలంలో మన ఖమ్మం ఖిల్లాలో ఎవరు కొలువుతీరారు? గోదావరి ఒడ్డున, అడవి అంచున ఉన్న మన ఊళ్ళ శిస్తు ఏ దర్బారుకు చేరింది? ఆ దర్బారు వైభవంలో మన పూర్వీకుల చెమట వాటా ఎంత? ఇవి ఆ పాఠంలో ఉండవు.

ఈ వార్షికోత్సవ సంచికలో మేము ఈ విషయమే రాయదలిచాం. మా అభిప్రాయం ముందే చెప్పేస్తాం. రాజుల కోటలు, మహళ్ళు మనకు సంబంధం లేనివని వదిలెయ్యకూడదు. వాటిని తప్పకుండా చూడాలి. కానీ “అబ్బ, ఎంత గొప్పగా కట్టాడు రాజు!” అని నోరు తెరిచి, ఫొటో దిగి తిరిగిరావడం చూడటం కాదు. ఎవరు కట్టారు, ఎవరి డబ్బుతో కట్టారు, ఎవరిని లోపలికి రానిచ్చారు, ఎవరిని గేటు దగ్గరే ఆపారు అని లెక్క అడగాలి. సంక్షేమ హాస్టళ్ళలో చదువుకునే మనకు ఆ లెక్క అడిగే హక్కు అందరికన్నా ఎక్కువ ఉంది.

ఒకే కాలం, రెండు లోకాలు

ఇంగ్లండులో ఎనిమిదో హెన్రీ, విజయనగరంలో శ్రీకృష్ణదేవరాయలు ఒకే ఏడాది, 1509లో, రాజులయ్యారు. లియొనార్డో డావిన్సీ 1519లో ఫ్రాన్సులో కన్నుమూశాడు. ఆయన్ని పిలిపించుకుని ఆదరించిన మొదటి ఫ్రాన్సిస్ రాజు ఆ ఏడాదే షాంబోర్ అనే చోట బ్రహ్మాండమైన భవంతి మొదలుపెట్టాడు. నాలుగు వందలకు పైగా గదులున్న ఆ భవంతిలో ఆ రాజు తన జీవితం మొత్తం మీద గడిపింది కొన్ని వారాలే! వేటకు వచ్చినప్పుడు దిగడానికి కట్టించుకున్న ఇల్లు అది. అక్కడి దొరలకు పన్నుల్లో మినహాయింపులుండేవి. ఉప్పు మీద కూడా పన్ను కట్టింది మామూలు జనం.

ఇటు మన దేశానికి 1520 ప్రాంతంలో డొమింగో పేస్ అనే పోర్చుగీసు యాత్రికుడు వచ్చాడు. విజయనగరం రోము నగరమంత పెద్దదిగా కనిపించిందని రాశాడు. రాయల కొలువు, మహర్నవమి ఉత్సవాలు, ఏనుగులు, గుర్రాలు, నాట్యకత్తెల నగలు, బజారులో రత్నాల అమ్మకం కళ్ళకు కట్టినట్టు వర్ణించాడు. అంటే యూరప్‌లో రాజాస్థానాలు వెలుగుతున్న రోజుల్లో మన తెలుగు రాజ్యాల కొలువులు ఏమాత్రం తీసిపోలేదు. ఇది గర్వపడాల్సిన విషయమే. కాకపోతే అక్కడ ఉప్పు పన్ను గురించి అడిగినట్టే ఇక్కడా అడగాలి.

మన స్తంభాద్రి కథ

ఖమ్మం నడిబొడ్డున గుట్ట చుట్టూ రాతిగోడలు, బురుజులు, దర్వాజాలతో ఖిల్లా ఇంకా నిలబడే ఉంది. పక్కనే స్తంభాద్రి మీద నరసింహస్వామి గుడి. ఆ స్తంభం నుంచే కంబంమెట్టు, ఖమ్మం అనే పేర్లు పుట్టాయంటారు. కోట లోపల జాఫర్ బావి అనే మెట్లబావి ఉంది. నిజాం కాలపు అధికారి జాఫరుద్దౌలా కట్టించాడని చెబుతారు.

పదహారో శతాబ్దం మొదట్లో ఈ ప్రాంతాన్ని ఏలినవాడు షితాబ్‌ఖాన్. పేరు చూసి ఎవరో తురక నవాబు అనుకోవద్దు. ఈయన అసలు పేరు సీతాపతి. బహమనీ సుల్తానుల కొలువులో పనిచేసి ఆ బిరుదు పొందాడు. తర్వాత స్వతంత్రుడై ఓరుగల్లు, ఖమ్మం ప్రాంతాలను ఏలాడు. ఓరుగల్లులో 1504 నాటి ఆయన శాసనం ఉంది. అందులో తాను భోగికులం వాడినని చెప్పుకున్నాడు. ఈయన బోయవాడని చరిత్రకారులు అంటారు. అంటే పెద్ద వంశాల వాళ్ళ చేతుల్లో ఉన్న ఓరుగల్లు గద్దె మీద ఒక కింది కులం మనిషి కూర్చున్నాడన్నమాట! వరంగల్ కోటలోని ఖుష్‌మహల్‌ను నేటికీ కొందరు షితాబ్‌ఖాన్ మహల్ అంటారు. ఇంత గొప్ప విషయం మన జిల్లా పిల్లల్లో ఎంతమందికి తెలుసు?

1515–16లో కళింగ దండయాత్రకు బయలుదేరిన కృష్ణదేవరాయలు దారిలో తెలంగాణ కోటలు ఎన్నో పట్టుకున్నాడు. వాటిలో మన కంబంమెట్టు ఒకటి. తర్వాత కొన్నేళ్ళకు కోట గోల్కొండ కుతుబ్‌షాహీల చేతికి వచ్చింది. రాజులు మారారు, జెండాలు మారాయి. గుట్ట మీదికి రాళ్ళు చేరవేసిన వాళ్ళు మాత్రం మారలేదు. రాయి కొట్టడం, మట్టి మొయ్యడం తరతరాలుగా మన దగ్గర వడ్డెరల పని. బండను ఎక్కడ కొడితే ఎటు పగులుతుందో వాళ్ళకే తెలుసు. సున్నం పెట్టకుండా రాయిమీద రాయి కూర్చోబెట్టడం ఇంజనీరింగు కాలేజీలో నేర్చుకున్న విద్య కాదు. ఆ కోటను గెలిచిన వాళ్ళ పేర్లు అన్నీ దొరుకుతాయి. కట్టిన వాళ్ళ పేరు ఒక్కటీ దొరకదు. ఈ ప్రశ్న మహాకవి శ్రీశ్రీ ఎప్పుడో అడిగారు. మన ఊరి కోట ముందు నిలబడి మనం మళ్ళీ అడగాలి.

గోల్కొండ దర్బారు

గోల్కొండ కోటకు వెళ్ళిన వాళ్ళందరూ ఫతే దర్వాజా కింద చప్పట్లు కొట్టి వస్తారు. కింద కొట్టిన చప్పట్లు కొండపైన బాలాహిస్సారు దాకా వినిపిస్తాయి. శత్రువు వస్తే పైకి కబురందడానికి చేసిన ఏర్పాటు అది. నీళ్ళను మట్టి గొట్టాల ద్వారా అంచెలంచెలుగా కొండ మీదికి ఎక్కించిన పద్ధతి కూడా చూసి తీరాలి. కుతుబ్‌షాహీ సమాధులు, 1591 నాటి చార్మినార్ ఆ వంశం మిగిల్చి పోయినవే.

ఆ దర్బారులో మెచ్చుకోవలసినవి చాలా ఉన్నాయి. ఇబ్రహీం కుతుబ్‌షా (1550–1580) రాజు కాకముందు ఏడేళ్ళు విజయనగరంలో అళియ రామరాయల దగ్గర తలదాచుకున్నాడు. అక్కడే తెలుగు రుచి మరిగాడు. మన కవులు ఆయన్ని ‘మల్కిభరాముడు’ అని ముద్దుగా పిలుచుకున్నారు. అద్దంకి గంగాధర కవి తన ‘తపతీ సంవరణోపాఖ్యానం’ ఆయనకే అంకితమిచ్చాడు. పొన్నగంటి తెలగన్న అచ్చతెలుగులో రాసిన మొదటి కావ్యం ‘యయాతి చరిత్ర’ను పుచ్చుకున్నది కూడా ఒక ముస్లిం ప్రభువే, అమీన్‌ఖాన్. మతం పేరుతో మనుషుల్ని విడదీసే మాటలు వినిపించినప్పుడల్లా ఈ సంగతి గుర్తుచేసుకోవాలి.

ఇక రెండో వైపు చూద్దాం. గోల్కొండ అంటే ప్రపంచానికి వజ్రాలు. కృష్ణ ఒడ్డున కొల్లూరు గనిని చూసిన ఫ్రెంచి వ్యాపారి టావెర్నియే అక్కడ 60,000 మంది పనిచేస్తున్నారని రాశాడు. మగవాళ్ళు తవ్వితే ఆడవాళ్ళు, పిల్లలు మట్టి మోసేవాళ్ళట. మరో గనిలో కూలీలకు ఏడాదికి ముట్టేది 3 వరహాలే అనీ రాశాడు. సుల్తాను తలపాగా మీద మెరిసిన రాయి, తర్వాత యూరప్ రాజుల కిరీటాలకు ఎక్కిన రాయి ముందు ఆ పిల్లల చేతుల్లోంచే వచ్చింది. పునరుజ్జీవనం అనే మాట ఆ పిల్లలకు ఏ అర్థం ఇచ్చి ఉంటుంది?

వజ్రాల తర్వాత శిస్తు. 1618 నుంచి కొన్నేళ్ళు మచిలీపట్నంలో ఉన్న మెథ్వోల్డ్ అనే ఇంగ్లీషు వర్తకుడు గోల్కొండ రాజ్యంలో అధికారాలు ఎలా అమ్ముడయ్యేవో రాసిపెట్టాడు. ఏడాదికోసారి పాట పెట్టేవారు. ఎవరు ఎక్కువ పాడితే ఆ ప్రాంతం వాళ్ళది. చెరువు పాట, కల్లు పాట చూసినవాళ్ళం కాబట్టి ఇది మనకు వేరే చెప్పనక్కర్లేదు. పాట పాడినవాడు ఆ డబ్బు, పైన లాభం ఎక్కడినుంచి రాబట్టాలి? కింది ఊళ్ళ మీద పడాల్సిందే. కట్టలేని అధికారికి పైన కొరడా. కట్టలేని రైతుకు కింద కొరడా. దర్బారులో వాయించిన వీణకు, పల్లెలో ఏడ్చిన ఏడుపుకు మధ్య ఉన్న దారి ఇదే.

పాల్వంచ నుంచి గోల్కొండ చెర దాకా

ఈ దారి మన ప్రాంతం మీదుగానే పోయింది. నేలకొండపల్లిలో పుట్టిన కంచర్ల గోపన్న గోల్కొండ దర్బారులో మంత్రులైన అక్కన్న, మాదన్నలకు మేనల్లుడు. పాల్వంచ పరగణాకు తహసీల్దారుగా వచ్చాడు. శిస్తు సొమ్ముతో భద్రాచలంలో రాముడికి గుడి కట్టించాడు, నగలు చేయించాడు. ఆ సొమ్ము ఆరు లక్షలని చెప్పుకుంటారు. దర్బారుకు చేరాల్సిన సొమ్ము చేరలేదని తానీషా (1672–1687) ఆయన్ని గోల్కొండ చెరలో పెట్టించాడు. పన్నెండేళ్ళు ఆ చీకటి కొట్లో ఉండి కీర్తనలు పాడాడని, గోడ మీద సీతారామలక్ష్మణుల్ని, హనుమంతుణ్ణి చెక్కుకున్నాడని చెబుతారు. ఆ రాతి గది, ఆ బొమ్మలు నేటికీ గోల్కొండలో చూడవచ్చు. చివరికి రామోజీ, లక్ష్మోజీ పేర్లతో రామలక్ష్మణులే వచ్చి సొమ్ము చెల్లించి విడిపించారన్న కథ మనందరికీ తెలిసిందే.

రామదాసు భక్తిని, పాటను తక్కువ చెయ్యడం మా ఉద్దేశం కాదు. ఆయన కీర్తన వినని ఇల్లు మన జిల్లాలో లేదు. కానీ కథను ఒక్కసారి శిస్తు కట్టిన రైతు వైపు నుంచి చూడండి. సొమ్ము దర్బారుదని తానీషా అన్నాడు. దేవుడి పనికే వాడానని గోపన్న అన్నాడు. చివరికి దేవుడు వచ్చి నవాబు బాకీ తీర్చాడు. మరి ఆ సొమ్మును మొదట కట్టిన మనిషి ఎక్కడ? గోదావరి వరదకు పంట పోయినా శిస్తు కట్టిన కాపు, పోడు కొట్టి జొన్న పండించిన కోయ, కూలికి పోయిన మాల మాదిగ ఈ కథలో ఎక్కడా కనపడరు. ఆరు లక్షలూ పుట్టింది వాళ్ళ చేతుల్లోనే కదా!

ఒకే ఒక్క పేరు మాత్రం మిగిలింది. పోకల దమ్మక్క. భద్రిరెడ్డిపాలెంలో ఉండే ఈ గిరిజన స్త్రీకి రాముడు కలలో కనిపించాడని, పుట్టలో ఉన్న విగ్రహాలను వెలికితీసి తాటాకు పందిరి వేసి పూజించిందని, తాటిపండు నైవేద్యం పెట్టిందని స్థలపురాణమే చెబుతుంది. అంటే గోపన్న రాకముందే అక్కడ గుడి ఉంది. రాతిగుడి కాదు, దమ్మక్క వేసిన పందిరి గుడి. రాముడి కలికితురాయి, సీతమ్మ చింతాకు పతకం, భరతుడి పచ్చల పతకం గురించి చెప్పేటప్పుడు అందరి గొంతులూ లేస్తాయి. దమ్మక్క తాటాకు దగ్గరికి వచ్చేసరికి ఒక్క ముక్కలో ముగుస్తుంది. ఆ ఒక్క ముక్కను పూర్తి పాఠం చెయ్యాలని మా కోరిక.

భద్రాచలంలో మరో మంచి ఆచారం ఉంది. సీతారామ కల్యాణానికి పట్టువస్త్రాలు, ముత్యాల తలంబ్రాలు ప్రభుత్వం తరఫున వస్తాయి. ఇది తానీషా మొదలుపెట్టిన ఆచారం అంటారు. ఒక ముస్లిం రాజు పేరుతో హిందూ దేవుడి పెళ్ళికి ముత్యాలు రావడం మన నేల గొప్పతనం. అదే పెళ్ళికి వడ్లను గోటితో ఒలిచి తలంబ్రాల బియ్యం పంపే భక్తబృందాలూ ఉన్నాయి. ముత్యం ఎంత గొప్పదో, గోటితో ఒలిచిన గింజ కూడా అంత గొప్పదే.

దౌలతాబాద్ గేటు దగ్గర

1687లో ఔరంగజేబు సైన్యం ఎనిమిది నెలలు ముట్టడించి గోల్కొండను పట్టుకుంది. లోపలివాడు ఒకడు తలుపు తీశాడు. గోపన్నను చెరలో పెట్టించిన తానీషాను ఇప్పుడు మొగలులు చెరపట్టి దౌలతాబాద్ కోటకు పంపారు. అక్కడే ఆయన కన్నుమూశాడు. రాజ్యాలు ఎంత గట్టివైనా ఇంతే అని పెద్దలు చెప్పే మాటకు ఇంతకన్నా ఉదాహరణ అక్కర్లేదు.

దౌలతాబాద్ కోట గురించి ఇంకో సంగతి మన హాస్టల్ పిల్లలు తెలుసుకోవాలి. 1934లో బాబాసాహెబ్ అంబేద్కర్ తన అనుచరులతో కలిసి ఆ కోట చూడటానికి వెళ్ళారు. అప్పుడది మన ఖమ్మంలాగే నిజాం రాజ్యంలోది. బస్సు ప్రయాణంలో దుమ్ముకొట్టుకుపోయి ఉన్నారు కాబట్టి గేటు దగ్గరున్న చిన్న కొలను నీళ్ళతో ముఖం, కాళ్ళు కడుక్కున్నారు. అంటరానివాళ్ళు నీళ్ళు మైలపరిచారని ఒక ముసలాయన కేకలు వేశాడు. జనం పోగయ్యారు. పెద్ద గొడవైంది. చివరికి కోటలోకి రానిచ్చారు కానీ, లోపల ఎక్కడా నీళ్ళు ముట్టుకోకూడదని షరతు పెట్టి వెంట ఒక ఆయుధం పట్టిన సిపాయిని పంపారు. కొలంబియా, లండన్‌లలో చదువుకుని వచ్చిన మహామేధావికి ఒక పాత కోట చూడటానికి దొరికిన మర్యాద అది! ఆయనే ఈ సంఘటన రాసుకున్నారు.

అందుకే కోట చూడటం మనకు ఉత్త విహారం కాదు. మన తాతముత్తాతలు రాళ్ళు మోసి కట్టిన గోడల లోపలికి, వాళ్ళకే ప్రవేశం లేని రోజులుండేవి. ఈ రోజు టికెట్టు కొనుక్కుని తలెత్తుకుని నడిచే హక్కు రాజ్యాంగం ఇచ్చింది. ఏ రాజూ దానం చెయ్యలేదు. ఆ హక్కును వాడుకోకపోతే పోగొట్టుకున్నట్టే.

మన దగ్గరా ఆస్థాన కవులున్నారు

రాజుల చరిత్ర మనకు తెలియడానికి కారణం వాళ్ళకు రాసిపెట్టే కవులు, శాసనాలు చెక్కేవాళ్ళు ఉండటమే. మనవాళ్ళకు అలాంటివేమీ లేవని చాలామంది అనుకుంటారు. అది నిజం కాదు. మన అడవుల్లో కోయల గోత్రాల కథలు చెప్పే డోలీలు ఉన్నారు. బట్టమీద బొమ్మలు వేసిన పడిగెలు పట్టుకుని, డోలు వాయిస్తూ, ఏ గట్టు వాళ్ళు ఎక్కడినుంచి వచ్చారో, ఇలవేల్పు ఎవరో రాత్రంతా పాడతారు. రెండేళ్ళకోసారి మేడారంలో లక్షల మంది కొలిచే సమ్మక్క సారలమ్మల కథ కూడా కప్పం కట్టమని మీదికి వచ్చిన రాజుతో తలపడిన కథే. అది ముందు రాతిమీద కాదు, జనం నోటిమీద నిలిచింది. కోట కూలినా ఆ కథ కూలలేదు. అయితే పడిగె చదవగల ముసలివాళ్ళు ఒక్కొక్కరే వెళ్ళిపోతున్నారు. ఖిల్లా గోడ పడిపోతే మళ్ళీ కట్టవచ్చు. కథ తెలిసిన చివరి మనిషి పోతే మాత్రం ఏ శాఖా మళ్ళీ కట్టలేదు.

మా ప్రతిపాదనలు

విమర్శించడం తేలిక. అందుకే చెయ్యగలిగినవి నాలుగు చెబుతున్నాం.

1. హాస్టల్ విహారయాత్ర అంటే పార్కు, సినిమా అన్న అలవాటు మారాలి. ఒక ఏడాది ఖమ్మం ఖిల్లా, నేలకొండపల్లి, భద్రాచలం, పర్ణశాల. మరుసటి ఏడాది ఓరుగల్లు, గోల్కొండ. వెళ్ళే ముందు రోజు రాత్రి స్టడీ అవర్‌లో ఒక గంట ఆ చోటు గురించి చదువుకోవాలి.

2. ఖిల్లా దగ్గర, గుడి దగ్గర పెట్టే బోర్డుల్లో రాజుల పేర్లతో పాటు సీతాపతి కులం, దమ్మక్క పందిరి, రాళ్ళెత్తిన వాళ్ళ కష్టం తెలుగులో, కోయ భాషలో రాయాలి. దీనికోసం సంతకాలు పెట్టి అధికారులకు ఇద్దాం. హైదరాబాదులో కుతుబ్‌షాహీ సమాధులకు 2013 నుంచి ఏళ్ళ తరబడి శ్రద్ధగా మరమ్మతులు జరిగాయి. జిల్లా కోటలకు కూడా ఆ శ్రద్ధ దక్కాలని అడుగుదాం.

3. గోడల మీద ఇటుకముక్కతో పేర్లు, ప్రేమగుర్తులు గీకే పని మనం చెయ్యకూడదు, చేసేవాళ్ళను ఆపాలి. కట్టినవాళ్ళ పేరే లేని గోడ మీద మన పేరు రాసుకునే హక్కు మనకు లేదు.

4. సెలవులకు ఇంటికి వెళ్ళిన ప్రతి ఒక్కరూ ఒక నోటుబుక్కు పట్టుకెళ్ళాలి. అమ్మమ్మ, తాతయ్యలను అడగాలి. ఊరికి ఆ పేరు ఎలా వచ్చింది? చెరువు ఎవరు తవ్వారు? పట్వారీ, దొర కాలంలో శిస్తు, వెట్టి ఎలా ఉండేవి? డోలీ తాత ఏ కథ చెబుతాడు? ఈ నోటుబుక్కులన్నీ హాస్టల్ లైబ్రరీలో ఒక అరలో పెడదాం. వచ్చే వార్షికోత్సవ సంచికకు వాటిలోంచే వ్యాసాలు తీసుకుందాం.

మిత్రులారా! ఫ్లోరెన్స్ గురించి, హెన్రీ గురించి చదవడం మానమని మేము చెప్పడం లేదు. బాగా చదువుదాం, మార్కులు తెచ్చుకుందాం. కానీ ఆ పాఠం పక్కన మన పాఠం కూడా ఉండాలి. మిరప కోతలకు, తునికాకుకు వెళ్ళిన అమ్మానాన్నల కూలి డబ్బుల్లో, ప్రజల పన్నుల్లో మనం చదువుకుంటున్నాం. కట్ట లెక్కలో, కూలి లెక్కలో మోసం జరిగితే మనవాళ్ళు ఎలా నిలదీస్తారో మనకు తెలుసు. చరిత్ర లెక్క దగ్గర కూడా అలాగే నిలదీద్దాం. కోట ఎంత ఎత్తుందో కొలుద్దాం, ఆ ఎత్తుకు రాయి మోసిన భుజాన్ని కూడా కొలుద్దాం.

– హాస్టల్ విద్యార్థి బృందం